గుంటకు బాధ్యులు

పోయిన వారం కావలిలో, ఆమె పోయిన నలభయ్యో రోజున చేసే ఫాతిహాకి వెళ్ళొచ్చాను. మనుషులు ఒక్కసారిగా రాలేదు. బోగోలు వైపు వాళ్ళు పొద్దుటి మేత వేసి వచ్చి, మధ్యాహ్నం మేత వేళకి వెళ్ళిపోయారు. చిట్టమూరు వైపు వాళ్ళకి దూరం కాబట్టి వంతులు వేసుకుని, సగం మంది గుంటల మీద ఉండిపోయి సగం మంది వచ్చారు. రొయ్యల గుంటల మీద బతికేవాళ్ళకి పెళ్ళయినా చావయినా రెండు మేతల మధ్యే. ఆమె తమ్ముడికి ఈ సంగతి తెలియదు. వంట అంతా ఒకేసారి చేయించి, సాయంత్రం దాకా వచ్చినవాళ్ళకి వచ్చినట్టు అన్నం వేడి చేయిస్తూ కూర్చున్నాడు.

ఆమె పేరు ఇక్కడ రాయను. మనుషుల పేర్లు కాగితం మీద పెట్టడం ఆమెకి పడేది కాదు. ఆఫీసులో అందరికీ అక్క. నన్ను మాత్రం నాయనా అనేది. కోపం వచ్చినప్పుడూ నాయనా అనేది కాబట్టి, కోపం వచ్చిందో లేదో గొంతును బట్టి కనిపెట్టుకోవాలి.

మాది రొయ్యలు పెంచే కంపెనీ. ఆఫీసు నెల్లూరులో. గుంటలు బోగోలు దగ్గర కొన్ని, చిట్టమూరు దగ్గర కొన్ని, మొత్తం ఎనభై నాలుగు. వాటి మీద ఇరవై ముగ్గురు సూపర్వైజర్లు. నేను చెన్నైలో నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి ఇక్కడికి వచ్చాను. కంపెనీ రిపోర్టులన్నీ అప్పటిదాకా ఎక్సెల్ షీట్లలో ఉండేవి. వాటిని తీసి బిజినెస్ ఇంటెలిజెన్స్ ప్లాట్‌ఫామ్ మీదికి ఎక్కించడం నా పని. పేరు పెద్దదే గానీ అది చేసేది చిన్న పనే. ఎండీ గారు ఎక్కడ కూర్చున్నా ఫోన్ తెరిస్తే బాగున్న గుంట పచ్చగా, అనుమానం ఉన్నది పసుపుగా, పోయేది ఎర్రగా కనపడాలి. ఆఫీసులో దాన్ని అందరూ బోర్డు అన్నారు. నేను తీసెయ్యాల్సిన షీట్లన్నీ ఆమెవి.

మొదటి రోజు నన్ను పక్కకి పిలిచి, ఎవరికీ వినపడకుండా చెవి దగ్గరికి వచ్చి, "నీది ముప్పై ఎనిమిది నాయనా. నలభై ఎందుకు తొడుక్కున్నావు?" అంది. చొక్కా సంగతి. వాళ్ళ నాయన కావలిలో దర్జీ. ఆమె చిన్నప్పుడు ఆ కొట్లో కాజాలు కుట్టింది. మనిషి ఎదురుగా నిలబడితే ముందు భుజం కుట్టు ఎక్కడికి వచ్చిందో చూసేది. ఆఫీసులో ఎవరి బొత్తాం ఊడినా ఆమె డ్రాయర్‌లో సూదీ దారం ఉండేవి. దారం పళ్ళతో కొరికేది. కత్తెర పక్కనే ఉన్నా సరే పళ్ళతోనే. పక్కవాళ్ళ టీ తాగేసి, "నీది చల్లారిపోతా ఉంటే తాగినా" అనేది. అది ఎప్పుడూ చల్లారి ఉండేది కాదు.

పొద్దున ఏడున్నరకి వచ్చి కూర్చునేది. ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఇరవై ముగ్గురికీ ఫోన్ చేసేది. పది గంటలకి షీటు ఎండీ గారికి వెళ్ళాలి. ఫోన్‌లో మాట్లాడుతున్నంతసేపూ కంప్యూటర్ ముట్టుకునేది కాదు. పెట్టేశాక, కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితో, ఒక్కొక్క అంకే కొట్టేది. చూసి చూసి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. మాట్లాడుతూనే కొట్టొచ్చు కదా అక్కా అన్నాను.

"కొడితే చప్పుడొస్తాది. అవతల మనిషికి వినిపిస్తాది. ఎవురో రాసుకుంటా ఉన్నారంటే నువ్వయినా ఆలోచించి మాట్లాడతావు, అవునా కాదా?" అంది.

నేను వాచీ పెట్టుకుని కూర్చుని ఆమె ఫోన్లు లెక్క కట్టాను. ఒక్కో ఫోను నాలుగైదు నిమిషాలు. అందులో గుంట గురించి ఉన్నది ఒక నిమిషానికి లోపే. మిగతాదంతా అత్తగారి మోకాలి నొప్పి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటరు మోటారు మళ్ళీ కాలిందా లేదా, నిన్న రాత్రి వాన అక్కడ కూడా కురిసిందా, పాప పరీక్ష ఎలా రాసింది. సూపర్వైజర్లకి ఫోన్‌లోనే యాప్ ఇస్తే, వాళ్ళే అంకెలు కొట్టుకుంటే, రోజుకి రెండు గంటలు మిగులుతాయని ఒక స్లైడు తయారు చేసి ఆమెకి చూపించాను. నేను కొంచెం గొప్పగానే చూపించాను, అబద్ధం ఎందుకు.

"ఆ రెండు గంటలు మిగిలితే నేనేం చెయ్యాలా?"

"అనాలిసిస్ చెయ్యొచ్చక్కా."

"అంటే?"

"అంకెలు చూసి, అసలు గుంటలో ఏం జరుగుతుందో కనుక్కోవడం."

"ఇప్పుడు చేస్తా ఉండేది అదే గదా నాయనా."

ఆమెకి కంప్యూటరంటే భయమని గానీ, కొత్తదంటే గిట్టదని గానీ అనుకుంటే పొరపాటు. నేనూ అలాగే అనుకున్నాను. షీట్లు ఎక్కించడం మొదలుపెట్టిన రోజు, గుంటలు ఒక వరసలో లేవని చూసి చిరాకు పడ్డాను. ఏడు తర్వాత పందొమ్మిది, దాని కింద మూడు, దాని కింద నలభై. చిందరవందరగా ఉందని ఒక్క నొక్కుతో నంబర్ల వరసలో పెట్టేశాను. ఆమె వచ్చి చూసి, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. మధ్యాహ్నం అన్నం దాకా నాతో మాట్లాడలేదు.

అన్నం తిన్నాక వచ్చి, "నీళ్ళన్నీ కలిపేసినావు" అంది.

ఆ వరస నీళ్ళ వరస. ఉప్పుకాలవ ఏ గుంట పక్కగా ముందు వస్తుందో అది ముందు, తర్వాతది తర్వాత. పై గుంట తూము తీసి వదిలిన నీళ్ళు కాలవలో పడతాయి. కింది గుంటవాళ్ళు ఆ కాలవలోంచే తోడుకుంటారు. రొయ్యలకి తెల్లమచ్చ అనే రోగం వస్తుంది. దానికి మందు లేదు. వచ్చిన గుంట తూము మూసి, ఆ నీళ్ళు బయటికి పోకుండా చూడటం ఒక్కటే చెయ్యగలిగింది. అందుకే ఏ గుంట కింద ఏ గుంట ఉందో తెలియాలి. నంబర్లు గుంటలు తవ్విన వరసలో వేసినవి, వాటికీ నీళ్ళకీ సంబంధం లేదు. నేను ఆ సాయంత్రమే నీళ్ళ వరస అని కొత్త కాలమ్ పెట్టి, బోర్డు మీద కాలవని మ్యాపులో నీలం గీతగా గీసి చూపించాను. ఆమె కళ్ళజోడు నెత్తి మీంచి దించుకుని చాలాసేపు చూసింది.

"ఇది బాగుంది. నేను ఇన్నేళ్ళు తలకాయలో పెట్టుకుని తిరిగినా దీన్ని. ఇంకెవురికైనా కనపడాలంటే ఎట్లా అనుకునేదాన్ని" అంది. ఆ తర్వాత ఎవరు వచ్చినా పిలిచి ఆ నీలం గీత చూపించేది. నా పనిని అంత సంతోషంగా చూసినవాళ్ళు ఆ ఆఫీసులో ఇంకెవరూ లేరు.

గొడవ వచ్చింది ఒకే ఒక్క గడి దగ్గర. బోర్డు మీద ప్రతి గుంట పక్కనా దానికి బాధ్యులు ఎవరో పేరు ఉండాలి. ఎండీ గారికి అదే ముఖ్యం. గోడకి పెద్ద టీవీ పెట్టించి, ఎవరి గుంట ఎర్రగా ఉందో అందరూ చూసేలా ఉండాలన్నారు. ఆమె షీట్లలో గుంటల నంబర్లే తప్ప ఒక్క మనిషి పేరూ లేదు. ఎవరి గుంటలు ఏవో పూర్తిగా తెలిసింది ఆమెకే, ఎందుకంటే వాళ్ళని ఒక గుంట నుంచి ఇంకో గుంటకి మార్చుతుండేదీ ఆమే. పేర్ల జాబితా ఇవ్వమని అడిగాను. రేపంది. మర్నాడు అడిగితే సోమవారం అంది. సోమవారం టీ ఇప్పించింది. పది రోజులు అలా జరిగాక నాకు ఒళ్ళు మండింది. నువ్వు కావాలనే చేస్తున్నావా అక్కా అని నిలదీశాను.

"కావాలనే" అంది.

కుర్చీ లాక్కుని కూర్చోమంది. డ్రాయర్‌లోంచి సూది తీసి, దారం ఎక్కించి, ఎవరిదో చొక్కా బొత్తాం కుడుతూ చెప్పింది.

"మా నాయన కొట్లో కొలతల పుస్తకం ఉండేది. ఊళ్ళో ఆడోళ్ళందరి కొలతలూ దాంట్లో ఉండాయి. ఒక్క పేరు ఉండదు. గుర్తులే. ఒకదానికి చేప బొమ్మ, ఒకదానికి నెలవంక. ఎవురి కొలత ఎవురికీ చెప్పలా ఆయన. మా అమ్మక్కూడా చెప్పలా. అందుకే జనం కొలత ఇచ్చేదానికి సిగ్గుపడలా."

"అవి జాకెట్లు అక్కా. ఇది కంపెనీ."

"కంపెనీ గురించే చెప్తా ఉండా. నువ్వు రాక మునుపు నా షీట్లో పేర్లు ఉండినాయి. బోగోలు కాడ ఒకాయన, ట్రేలో మేత మిగిలి పోతా ఉందక్కా, తెల్లమచ్చ మాదిరి ఉందక్కా అని, కనపడిన పొద్దున్నే చెప్పినాడు. ఆయన చెప్పబట్టి కిందోళ్ళు నీళ్ళు తోడడం ఆపినారు, బతికినారు. అప్పటి మేనేజరు నా షీటు ప్రింటు తీసి, పేరు కింద ఎర్ర గీత గీసి, నీ గుంట పోయింది పో అని ఇంటికి పంపించేసినాడు. ఆ పేరు కొట్టింది నేను. ఈ వేలితోనే కొట్టినా."

కుట్టడం ఆపి ఆ వేలు చూసుకుంది.

"తర్వాత పంటకి మళ్ళా వచ్చింది రోగం. ఈసారి ఎవురూ నోరు తెరవలా. కొత్త నీళ్ళు పెడితే తేరుకుంటాయేమోనని, ఉన్న నీళ్ళు కాలవలోకి వదిలినారు. తొమ్మిది గుంటలు పొయినాయి నాయనా. అప్పుడు మాటిచ్చినా వాళ్ళకి. నాకు నిజం చెప్పండి, మీ పేరు నా షీట్లో ఉండదు అని."

నాకు జాలి వేసిన మాట నిజమే. కానీ పనైపోవాలి. బాధ్యుల గడి తప్పనిసరి గడి, అది ఖాళీగా ఉంటే సిస్టం ముందుకు కదలదు అని చెప్పాను.

"ఖాళీ ఉండకూడదు. అంతేనా?"

"అంతే అక్కా."

"సరే, రేపిస్తాను."

మర్నాడు నిజంగానే ఫైలు పంపింది. ఎనభై నాలుగు వరసలు, ఒక్క గడీ ఖాళీ లేదు. మీటింగు ఆ మధ్యాహ్నమే. తెరిచి చూడకుండా ఎక్కించేశాను. సాఫ్ట్‌వేర్ చదువుకున్నవాడు చెయ్యకూడని పని అది, చేశాను.

మీటింగులో టీవీ వెలిగింది. గుంటలన్నీ వచ్చాయి, రంగులు వచ్చాయి, నీలం గీత వచ్చింది. బాధ్యుల కాలమ్‌లో మొదటి పేరు ఆమెది. రెండోదీ ఆమెదే. నేను కిందికి జరుపుతూ పోయాను. ఎనభై నాలుగూ ఆమెవే.

ఎండీ గారు వరి పండించే ఇంట్లో పుట్టి రొయ్యల్లోకి దిగిన మనిషి. ఊరికే కోపం తెచ్చుకోరు. "ఇదేందయ్యా, అన్నిటికీ ఒకటే పేరు వస్తా ఉంది? నీ సిస్టం చెడిపోయిందా?" అన్నారు. నేను మళ్ళీ మళ్ళీ రిఫ్రెష్ నొక్కుతున్నాను.

చివరి కుర్చీలోంచి ఆమె లేచింది. "చెడిపోలా సార్. సరిగ్గానే చూపిస్తా ఉంది. అవన్నీ నావే."

"నీకు గుంటలు ఎక్కడియమ్మా?"

ఒకరిద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"గుంట ఎట్లా ఉందో పొద్దున్నే మీకు చెప్పేది నేను గదా సార్. తప్పు చెప్తే అడగాల్సింది నన్నే. ఎర్రగా కనపడితే నన్ను పిలవండి, పక్క రూములోనే ఉంటా. వాళ్ళని పిలిపిస్తే గట్టు మీద ఎవురుంటారు?"

ఎండీ గారు టీవీ వంక చూశారు, ఆమె వంక చూశారు. "ఒక పంట చూస్తాను. తేడా వస్తే మాత్రం నిన్నే అడుగుతానమ్మా" అన్నారు.

"అడగండి సార్."

బయటికి వచ్చాక, నలుగురిలో నా పరువు తీశావని అరిచాను. ఖాళీ ఉండకూడదన్నావు, ఖాళీ లేదు గదా అంది. నేను నెల రోజులు ఆమెతో ముభావంగానే ఉన్నాను.

ఆ పంటలోనే మళ్ళీ తెల్లమచ్చ వచ్చింది. పొద్దున ఎనిమిది దాటి ఉంటుంది. ఫోన్ చిట్టమూరు వైపు ఒక సూపర్వైజరుది. నాకు ఆమె వైపు మాటలే వినపడుతున్నాయి.

"టీ తాగినావా? ... తాగలేదా. ఎందుకు తాగలా?"

"ఏడవబాక, నిదానంగా చెప్పు" అంది. అవతల మనిషి ఏడుస్తున్నాడని నాకు అర్థమైంది. ఎన్ని చచ్చాయి అని ఆమె అడగలేదు. ఎంత అని అడిగితే లెక్క చెప్తారు, ఎట్లా అని అడిగితే నిజం చెప్తారు అనేది ఆమె ఎప్పుడూ.

"ఎప్పటి నుంచి? ... ఈ పొద్దుటి నుంచేనా? మంచిది. ఇప్పుడే చెప్పినావు, మంచి పని చేసినావు. తూము ముయ్. నీళ్ళు కదిలించబాక. ఎవురన్నా అడిగితే అక్క చూసుకుంటాది అని చెప్పు. ముందు పోయి టీ తాగు."

ఫోన్ పెట్టేసి, తన చూపుడు వేలితో ఆ గుంటని తనే ఎర్ర చేసింది. తర్వాత నా వైపు తిరిగి, "దాని కింద ఎవురెవురు ఉండారో నీ గీత చూసి చెప్పు" అంది. పదకొండు గుంటలు చెప్పాను. అవి నలుగురు సూపర్వైజర్లవని, ఎవరెవరో ఆమె చెప్పింది. ఇద్దరికి ఆమె, ఇద్దరికి నేను ఫోన్ చేసి నీళ్ళు తోడే మోటార్లు ఆపించాం. నేను ఆ సంస్థలో చేరాక, నేను చేసిన పని దేనికి పనికొస్తుందో కళ్ళారా చూసింది ఆ పొద్దునే.

ఎండీ గారు రూములోకి వచ్చి, ఎవరిదది అన్నారు.

"నాది సార్."

"నీది అంటే, నువ్వు పోయి మేత వేసినావా?"

"వెయ్యలా సార్. చెప్పినా."

ఆయన తన రూముకి వెళ్ళిపోయారు. ఆ గుంటా, దాని పక్కదీ పోయాయి. కింద పదకొండూ నిలబడ్డాయి.

ఇక్కడి దాకా రాసినదాన్ని బట్టి నేను మంచివాడినని మీకు అనిపించొచ్చు. ఇది కూడా రాయాలి. బోర్డు నుంచి ప్రతి ఏడాదీ బాధ్యులకి గ్రేడు దానంతట అదే లెక్క కట్టి వెళ్ళేలా నేనే పెట్టాను. పోయిన రెండు గుంటలూ ఆమె పేరు మీద ఉన్నాయి కాబట్టి ఆమెకి అన్నిటికంటే కింది గ్రేడు వచ్చింది. రిపోర్టింగ్ మేనేజరు పదవి కోసం ఆమె ఏళ్ళ తరబడి చూస్తోంది. ఆ గ్రేడు చూసి, ఆ పదవిని ఆమె తర్వాత చేరినవాడికి ఇచ్చారు. ఆమెని ఆ లెక్కలోంచి తీసెయ్యడం నాకు రెండు నొక్కుల పని. నేను తియ్యలేదు. మీటింగులో జరిగినదానికి నాలో ఇంకా కచ్చ మిగిలి ఉంది. నలుగురి ముందూ పరువు తీసింది, అనుభవించనీ అనుకున్నాను. ఆమె నన్ను అడగలేదు. "ఎనభై నాలుగు గుంటలూ ఒకదాని మీదే పడితే గ్రేడు ఎట్లా వస్తాది నాయనా" అని నవ్వి, కొత్త మేనేజరు చొక్కా భుజాలు జారిపోతున్నాయని నాకు చెవిలో చెప్పింది. ఇది తలచుకుంటే నాకు ఈ రోజుకీ సిగ్గు వేస్తుంది.

తర్వాత రెండేళ్ళు అలాగే నడిచింది. ఎర్ర గుంట వచ్చినప్పుడల్లా బోర్డు నుంచి ఆమె ఫోన్‌కే హెచ్చరిక వెళ్ళేది. అప్పటికే ఆమె అవతల మనిషితో మాట్లాడి ఉండేది. కిడ్నీలు దెబ్బతిని రోజు మార్చి రోజు డయాలసిస్‌కి వెళ్ళాల్సి వచ్చాక కూడా, ఒక చేతికి గొట్టాలు పెట్టించుకుని ఇంకో చేత్తో ఫోన్లు చేసేది. అంకెలు నాకు చెప్పేది, నేను కొట్టేవాణ్ణి. నర్సు కోప్పడుతుంటే, "ఒక్క నిమిషం తల్లీ, వాడు ఇంకా టీ తాగలేదంట" అనడం నాకు ఫోన్‌లో వినపడేది.

ఆమె పోయిన పదో రోజున ఎండీ గారు పిలిచి, ఇప్పుడైనా సరైన పేర్లు పెట్టు అన్నారు. నేను ఎదురు చెప్పలేదు. చెప్పాల్సింది. ఆమె లేకుండా ఆ మాట ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. డయాలసిస్ రోజుల్లో ఆమె చెబుతుంటే అంకెలు కొట్టీ కొట్టీ, ఎవరి గుంటలు ఏవో అప్పటికి నాకూ తెలిసిపోయాయి. ఇరవై ముగ్గురి పేర్లూ ఎక్కించాను, పావుగంట కూడా పట్టలేదు. సూపర్వైజర్లు యాప్‌లో వాళ్ళే అంకెలు కొట్టడం మొదలుపెట్టారు. మొదటి వారం నాలుగు గుంటలు పసుపుగా ఉన్నాయి. రెండో వారం ఒక్కటి. ఆ తర్వాత బోర్డు మొత్తం పచ్చగా అయిపోయింది. ఎండీ గారు చూడవచ్చినవాళ్ళకి టీవీ చూపించి, పేరు పెడితేనే పని జరుగుతాదని చెబుతున్నారు.

ఫాతిహా రోజు కావలిలో ఆ ఇరవై ముగ్గురిలో చాలామంది కనిపించారు. నాకు కుర్చీ తెచ్చి వేశారు. సార్, భోంచెయ్యండి సార్ అన్నారు. ఒక్కరూ గుంట మాట ఎత్తలేదు.

అది జరిగిన రెండో రోజు మేత స్టోరు లెక్క చూస్తుంటే, చిట్టమూరు వైపు ఒక గుంటకి వెళ్ళాల్సిన మేత బస్తాలు వెళ్ళడం లేదని కనపడింది. బోర్డు మీద అది పచ్చగా ఉంది. మేత తినని రొయ్య బాగుండదు. ఆ పాటి ఆమె నాకు నేర్పింది. ఆ పొద్దున ఏడుస్తూ ఫోన్ చేసిన మనిషి గుంటే అది. ఫోన్ చేశాను.

"అంతా బాగుందా అన్నా?"

"బోర్డులో పచ్చగానే ఉంది గదా సార్."

"బోర్డు సంగతి కాదన్నా. ఏదన్నా ఉంటే నాకు చెప్పు. నీ పేరు తీసేసి నా పేరు పెడతాను. నిజంగా."

అవతల ఏరేటర్ల చప్పుడు వినపడుతోంది. "మీరు సార్ గదా సార్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

నాకు ఆమె మీద కోపం వచ్చింది, చచ్చిపోయినందుకు. బండి తీసుకుని బయల్దేరాను. ఆ గుంట మ్యాపులో ఎక్కడుందో కళ్ళు మూసుకుని చూపించగలను. దారి మాత్రం చిల్లకూరు దాటాక ఇద్దర్ని అడగాల్సి వచ్చింది. ఆ గుంట దగ్గరికి నేను అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు.

నేను వెళ్ళేసరికి ఆయన గట్టు మీదే ఉన్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. నమస్తే పెట్టలేదు. అడగకముందే వంగి, తాడు లాగి, మేత ట్రే నీళ్ళలోంచి పైకెత్తి చూపించాడు. పొద్దున వేసిన మేత వేసినట్టే ఉంది.

"ఎప్పటి నుంచి?"

"నాలుగు రోజులు సార్."

"తూము?"

ఆయన ట్రే కింద పెట్టాడు. "రెండు తూర్లు మార్చినా సార్ నీళ్ళు. మొన్నా, ఇయ్యాల తెల్లారీ. తేరుకుంటాయేమోనని."

కాలవ పక్కనే ఉంది, నీళ్ళు మెల్లగా కిందికి పోతున్నాయి. నేను ఫోన్ తీసి చూశాను. కింద పదకొండు గుంటలూ పచ్చగా ఉన్నాయి.